పరుపుల కంపెనీలో ఎర్రచుక్కలు

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్లు, చిక్కబోయేవాళ్లు!" అని డేగకన్ను గారు కొత్త పరుపు మీద వెల్లకిలా పడుకుని ప్రకటించారు.

"చిక్కినవాళ్లు ఎంతమందండీ?" అన్నాడు మెకానిక్.

"బోణీ కాలేదు."

ఆ పరుపుల కంపెనీలో డేగకన్ను గారి ఉద్యోగం పడుకోవడం. తయారైన ప్రతి పరుపు మీదా పావుగంట పొర్లి, మెత్తదో గట్టిదో రాయాలి. యజమానికి స్వయానా బావమరిది కనుక అంత కష్టమైన పని దక్కింది. పడుకుని డిటెక్టివ్ నవలలు చదివీ చదివీ ఆ బిరుదు తనకు తనే ఇచ్చుకున్నారు.

మెకానిక్ కంప్యూటర్లు చూసుకునే మనిషి. ఆఫీసులోని పన్నెండింటిలోనూ ఒక్కో కాపలా ప్రోగ్రాం కూర్చోబెట్టాడు. మెయిల్‌తో వచ్చిన ఫైలు మామూలు ఉత్తరంలా నటిస్తూ, తెరవగానే చాటుగా ఇంకో ప్రోగ్రాంని లేపబోతే, కాపలా దాని మెడ పట్టుకు ఆపి, మెకానిక్ లాప్‌టాప్ మీద ఎర్రచుక్క పెడుతుంది. ఏ కంప్యూటరో చెబుతుంది. ఏ చెయ్యో చెప్పదు.

మూడు వారాలుగా చుక్కలన్నీ ఏడో నంబరు మీదే. తక్కిన పదకొండూ కడిగిన ముత్యాలు.

ఏడో నంబరు టపా వదినది. పదకొండేళ్లు పరుపు తొడుగులు కుట్టి, నడుం పట్టేశాక, బతిమాలుకుని ఉత్తరాలూ పార్సిళ్లూ తీసుకునే బల్ల దగ్గరికి మారింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు ఈ సాయంత్రం నాలుగింటికి తీరుతుంది. కాదంటే ఇంటికే. మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చునే నడుం ఆమెకు లేదు.

"అంతర్జాతీయ ముఠా!" డేగకన్ను లేచి కూర్చున్నారు. "మన పరుపులో దూది ఎంతో కనిపెట్టడానికి పన్నిన పన్నాగం!"

"అది పరుపు మీదే అచ్చేసి ఉంటుంది కదండీ."

"అదే వాళ్ల తెలివి! ఎవరూ దాచని రహస్యాన్ని దొంగిలిస్తే ఎవరికి అనుమానం వస్తుంది?"

రెండింటికి విచారణ మొదలైంది.

"ముద్దాయి వదినా! నిన్న పదకొండుంబావుకి ఎక్కడున్నావు?"

"గోడౌన్లో, మరిదిగారూ. పార్సిళ్లు దించుకుంటున్నా."

"సాక్షులు?"

"పార్సిళ్లే."

డేగకన్ను రాసుకున్నారు.

"తెలియని ఫైలు నేను ముట్టుకోను. మెకానిక్ తమ్ముణ్ని పిలుస్తా. ఆ చుక్కలేంటో నాకే అంతుపట్టట్లేదు" అంది వదిన. గొంతు తొణకలేదు. చేతిలోని రబ్బరు స్టాంపు మాత్రం ఒకే ఉత్తరం మీద రెండుసార్లు పడింది. మెకానిక్ అది చూశాడు. నమ్మాడు. నమ్మకాన్ని యజమానికి చూపించడం ఎలాగో తెలియలేదు.

"సాక్ష్యాన్ని స్వాధీనం చేసుకుంటున్నాను!" అని డేగకన్ను కంప్యూటర్ని వైర్లతో సహా పెకలించి, పరుపుల గదిలో తన బల్ల మీదికి చేర్చారు. "వదిన బావగారి ఎదురుగా కూర్చోవాలి. పుట్ట నా దగ్గరుంటే పాము నా దగ్గరికే వస్తుంది. నేను పరుపు వేషంలో పొంచి ఉంటా."

బల్ల పక్కనే రెండు పరుపుల మధ్య దూరారు. అయిదు నిమిషాల్లో గురక మొదలైంది.

పెకలించిన దెబ్బకి వైరు వదులైంది. వేలితో అదిమి పట్టుకుంటే గాని తెర వెలగడం లేదు. మెకానిక్ బల్ల కింద చతికిలబడి, ఒక చేత్తో వైరు అదిమి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నాడు.

ముందు ఒక జత గోధుమరంగు చెప్పులు వచ్చాయి. సేల్స్ ఆఫీసరువి.

"ఇదిక్కడికి మార్చారా? ఊరంతా వెతికా." టకటక కొట్టాడు. లాప్‌టాప్ మీద ఎర్రచుక్క.

తరవాత ఎత్తుమడమల చెప్పులు. డిజైన్లు గీసే అమ్మాయి. "అయిందా అన్నా? నాకూ ఏదో కొత్తవాళ్ల మెయిల్ వచ్చింది."

"రా రా. మన దాంట్లో తెరిస్తే మనది పాడవుతుంది. దీనికి వెనకెప్పుడో వైరస్ పట్టిందిగా. చెడినదానికి ఇంకేం చెడుతుంది?"

"అందుకేగా వదిన గోడౌన్‌కి వెళ్లేదాకా ఆగేది! పాపం, చూస్తే కంగారుపడుతుంది."

ఇంకో చుక్క. మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. ఆ వైరస్‌ని తను కడిగేసి రెండేళ్లయింది. ఆ మాట ఒక్కళ్లకీ చెప్పలేదు. ఎవరూ అడగలేదని.

మూడో చుక్క డ్రైవర్ల మేస్త్రీది.

ఆఖరికి నల్లగా మెరిసే బూట్లు వచ్చాయి. అటూ ఇటూ తిరిగి చూశాయి. బూట్లలోని పెద్దమనిషి "నాకేదో బహుమతిట, చూద్దాం" అని గొణుక్కుంటూ, నొక్కేసి, కుర్చీ లేకపోవడంతో పక్కనున్న పరుపుల మీద బరువంతా వేసి కూలబడ్డాడు.

"చచ్చాన్రోయ్! దొరికాడు! ముఠా నాయకుడు!"

పరుపుల మధ్యలోంచి రెండు చేతులు వచ్చి ఆ పిక్కని ఉడుంపట్టు పట్టాయి. కేకకి ఆఫీసంతా గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్, వదలరా! నేన్రా!"

"ముఠా నాయకులందరూ అదే అంటారు, బావగా... రూ?"

మెకానిక్ బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చి లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "గంటన్నరలో నాలుగు చుక్కలండీ. నాలుగోది తమరిది. వదిన తమ గదిలోనే ఉంది."

సేల్స్ ఆఫీసరు పైకప్పు చూశాడు. డిజైన్ల అమ్మాయి గోళ్లు చూసుకుంది. మేస్త్రీ అప్పటికే లేడు.

"అంతా నా వ్యూహం ప్రకారమే జరిగింది" అన్నారు డేగకన్ను, నడుం పట్టుకుని.

యజమాని గదికి వెళ్లేసరికి వదిన లేచి నిలబడింది. "నాలుగైందండీ. నన్ను పొమ్మంటారా?"

ఆయన తలెత్తకుండా ఖాయం కాగితం లాగి సంతకం పెట్టాడు. వదిన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, రవికలో పెట్టుకుంది.

"నా కంప్యూటరు నా బల్ల మీద లేదండీ" అంది.

కాసేపటికి నడవాలో చిన్న ఊరేగింపు కదిలింది. యజమాని తెర, డేగకన్ను డబ్బా, సేల్స్ ఆఫీసరు వైర్లు, అమ్మాయి కీబోర్డు. మెకానిక్ సాయం పట్టబోతే వదిన వారించింది.

"నువ్వుండు తమ్ముడూ" అని తన కుర్చీలో కూర్చుంది. "మెల్లగా మరిదిగారూ, అక్కడ మెట్టుంది."