పికప్పులో ఒడియాలు

మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు కునుకు తీయడం నేరమా? మీరే చెప్పండి. నేనేమన్నా రాజ్యాలు అడిగానా, రంభను అడిగానా? మే నెలలో, మన అశ్వారావుపేట ఎండలో, కాస్త చల్లటి చోట పడుకుని గురక పెట్టుకునే హక్కు అడిగాను. దానికి వీధి వీధంతా కర్రలు పట్టుకుని వచ్చింది.

నా పేరు ఉదయ్ భాస్కర్ అని మా నాన్న ఏ ముహూర్తాన పెట్టాడో గానీ, నాకూ సూర్యుడికీ మొదట్నుంచీ పడదు.

ఇంట్లో పడుకుందామా అంటే, సరిగ్గా నేను చెయ్యి కడుక్కునే వేళకి కరెంటు పోతుంది. కూలరు ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది. అప్పుడు మా ఆవిడ నాగలత మొదలుపెడుతుంది. ఆవిడకి కరెంటుతో పనిలేదు.

అలాంటి నాకు దేవుడు పికప్పు బండిలో దారి చూపించాడు. ఒకరోజు పామాయిల్ గెలలు వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. అక్కడ బండ్ల లైను సంగతి మీకు తెలిసిందే. అద్దాలెత్తి ఏసీ వేసుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి నా వెనకున్న బండ్లన్నీ నన్ను దాటేసి, దించేసి, ఇళ్లకి వెళ్లిపోయాయి. ఒట్టు, కొంచెం కూడా కోపం రాలేదు. అంత హాయిగా పట్టింది నిద్ర.

ఇక ఆ రోజు నుంచి అన్నం తినగానే "తోటలో నీళ్లు చూసొస్తా" అనడం, చెట్ల నీడన బండి ఆపి ఏసీ పెట్టుకుని పడుకోవడం. సాయంత్రం ఇంటికొస్తే, "ఎండలో ఎంత కష్టపడుతున్నరో" అని మా ఆవిడ చల్ల ఇచ్చేది. వద్దనకుండా తాగేవాణ్ణి.

ఇంతలో మా అత్తగారు నిర్మలాదేవి పినపాక నుంచి దిగారు. గొప్పకి పోయి ఆవిడని బస్టాండు నుంచి పికప్పులో తెచ్చాను. ఇల్లు వచ్చాక కూడా ఆవిడ బండి దిగలేదు. ఫలహారం అక్కడికే తెమ్మంది.

మర్నాడు ఆవిడకి మోకాళ్లు గుర్తొచ్చాయి. దవాఖానాకి తీసుకెళ్లాలి.

"పొద్దున్నే పోదామా అత్తయ్యా? చల్లగుంటది" అన్నాను.

"మధ్యాహ్నం పోదాం బాబూ. పొద్దున ఎట్లాగూ చల్లగనే ఉంటది గదా, నీ ఏసీ దండగ."

అది విని పక్కింటి పుల్లమ్మ పిన్నికి బ్యాంకులో పని గుర్తొచ్చింది. అదీ మధ్యాహ్నమే. మా వీధి ఆడవాళ్లకి మిట్టమధ్యాహ్నం ఇన్ని పనులుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. నా కునుకు కాస్తా గంగలో కలిసింది.

అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. నా బుర్రలో ఎప్పుడు మెరిసినా పిడుగు నా మీదే పడుతుంది, అది వేరే సంగతి.

బండిలో ఒక గుండ్రటి గుండీ ఉంది. ఒకవైపు నీలం రంగు, ఒకవైపు ఎరుపు. ఎరుపు వైపు తిప్పితే వేడిగాలి వస్తుంది. మన ఖమ్మం, భద్రాచలం వైపు బండి కొన్నవాడెవడూ ఆ గుండీని ముట్టుకుని ఉండడు. మనకి వేడిగాలి కావాలంటే అద్దం దించితే చాలు. అందుకని ఎవరికీ తెలియదులే అనుకున్నాను. పూర్తిగా తిప్పితే అనుమానం వస్తుందని సగానికి పైగా ఎరుపులోకి తిప్పి, ఏమీ ఎరగనట్టు అత్తగారిని, మా ఆవిడని ఎక్కించుకుని దవాఖానాకి బయల్దేరాను.

ఊరు దాటకముందే నాగలత మొదలుపెట్టింది.

"ఏందండీ, ఏసీలకెల్లి ఇస్త్రీపెట్టె లెక్క వస్తుంది గాలి?"

"గ్యాసు తగ్గినట్టుంది."

"కొత్త బండే గదా?"

"ఎండలు చూస్తున్నవ్ గదా లతా! ఏసీ కూడా మనిషి లాంటిదే. దానికీ వడదెబ్బ తగుల్తది."

"అట్లనా? మరి చల్ల పోద్దామా?"

అత్తగారు కొంగుతో విసురుకుంటూ, "బాబూ, రేపటి నుంచి నేను ఆటోల పోత" అంది. నా చెవుల్లో అమృతం పోసినట్టయింది. సాయంత్రానికి వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, మా బండి ఏసీ పోయిందని బాధగా చెప్పుకొచ్చాను. అందరూ పాపం అన్నారు. మర్నాడు తోటలో గుండీ నీలం వైపు తిప్పుకుని పడుకున్నాను. ఇంటికొచ్చే ముందు మళ్లీ ఎరుపు.

ఇలా సాగిపోతే ఈ కథే లేదు.

మా వీధి కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అడవిలోంచి వచ్చాయి, మళ్లీ వెళ్లే ఆలోచనలో లేవు. వాటిల్లో పెద్దదాన్ని మేం సర్పంచ్ అంటాం. మా ఆవిడ డాబా మీద ఒడియాలు పెట్టడం, అవి ఎండేలోపు సర్పంచ్ వార్డు మెంబర్లతో సహా వచ్చి తినిపోవడం. నిరుటి నుంచి మా ఇంట్లో పప్పులోకి ఒడియం లేదు. నాగలత ఒకసారి డాబా మీదే కూర్చుని ఏడ్చింది కూడా. నాకూ జాలేసింది, కానీ కోతులతో నేనేం మాట్లాడతాను?

ఒక పొద్దున లేచి చూస్తే పికప్పు వాకిట్లో నడి ఎండలో ఉంది. లోపల సీటు మీదా, స్టీరింగు ముందరా తెల్లటి పంచెలు పరిచి, వాటి నిండా సగ్గుబియ్యం ఒడియాలు. ఆ పంచెలు నావే.

"ఇదేంది లతా?"

"ఏసీ ఎట్లాగూ పనిచేస్తలేదు గదా. లోపల పొయ్యి లెక్క కాగుతుంది. అద్దాలెత్తితే కోతి రాదు, దుమ్ము రాదు. ఆవిరి పోయెటందుకు వేలంత సందు ఇడిచిన."

"మరి నేను తోటకి పోవద్దా?"

"మోటారుసైకిల్ ఉంది గదా. నీళ్లు చూడనీకి పికప్పెందుకు?"

అద్దం అవతల సర్పంచ్ బానెట్ మీద కూర్చుని ఒడియాల వంక దీనంగా చూస్తోంది. ఆ రోజు మా ఇద్దరి బాధా ఒకటే.

"ఖమ్మం తీస్కపోయి ఏసీ బాగుచేయిస్త" అని బతిమాలాను.

"వద్దు. బాగైతే ఒడియాలు ఎండవు" అని తాళంచెవి బొడ్లో దోపుకుంది.

మధ్యాహ్నానికి మా వాకిట్లో నీడ పడుతోందని బండిని వీధి చివరి కల్లంలోకి మార్చింది. డ్రైవింగు నేర్పింది నేనే, ఎవర్నని ఏం లాభం? రోజూ అన్నాలు కాగానే తల్లీకూతుళ్లిద్దరూ "ఒడియాలు తిరగేసొస్తం" అని వెళ్లేవాళ్లు. నేను వసారాలో అట్టముక్కతో విసురుకుంటూ దొర్లేవాణ్ణి. ఎండ వాలాక వాళ్లు తిరిగొస్తే, పాపం ఎంత కష్టపడుతున్నారో అని ఈసారి నేనే చల్ల ఇచ్చాను. వద్దనకుండా తాగారు.

ఒకరోజు గెలలు తేవాలని బండి తీస్తే డీజిల్ ముల్లు అడుక్కి ఆని ఉంది. కదలని బండికి డీజిల్ ఎట్లా పోతుంది? ఒడియాలు తాగవు గదా!

"దొంగ పడ్డడు!" అని వీధంతా వినపడేలా అరిచాను.

"ఎండకి ఆవిరైందేమోలెండి" అంది నాగలత, ఎప్పుడూ లేనంత శాంతంగా.

ట్యాంకుకి తాళం వేయించాను. అయినా ముల్లు దిగుతూనే ఉంది. ఇక లాభం లేదని, ఒక మధ్యాహ్నం తోటకి పోతున్నానని చెప్పి, దొంగచాటుగా కల్లంలోకి వెళ్లి, బండి వెనక తొట్టిలో నీలం పట్టా కప్పుకుని పడుకున్నాను. కింద రేకు కాలుతోంది, పైన పట్టా కాలుతోంది. ఇంకాసేపుంటే నన్ను తీసి నూనెలో వేయించుకోవచ్చు.

అడుగుల చప్పుడు. తలుపులు తీసి వేసిన చప్పుడు. ఇంజను స్టార్టయింది. ఓరి నాయనో, దొంగ డీజిల్‌తో ఆగడం లేదు, బండినే పట్టుకుపోతున్నాడు!

"దొంగ! దొంగ!" అని కిందికి దూకాను. పట్టా తలకి చుట్టుకుంది. కళ్లు కనపడక గుండ్రంగా తిరుగుతూ అరుస్తున్నాను. వీధి జనం కర్రలతో ఉరికి వచ్చారు. పట్టా కప్పుకుని గంతులేస్తున్న ఆకారాన్ని చూసి, ఎదురింటి బొజ్జయ్య ఆలోచించకుండా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"నేను రా, భాస్కర్ని!"

"నువ్వా అన్నా! మరి దొంగేడి?"

నేను వీపు రుద్దుకుంటూ వెళ్లి తలుపు ఒక్క లాగు లాగాను.

మంచు కొండ మీంచి వచ్చినట్టు చల్లగాలి ముఖానికి కొట్టింది. స్టీరింగు ముందు సీటు వెనక్కి వాల్చుకుని మా ఆవిడ. మధ్యలో, పొద్దుటి ఎండకే గలగలా ఎండిపోయిన ఒడియాల గంప ఒళ్లో పెట్టుకుని అత్తగారు. ఆ చివర దుప్పటి కప్పుకుని పుల్లమ్మ పిన్ని. మే నెలలో దుప్పటి!

నాగలత కళ్లు తెరవకుండానే అంది. "తలుపెయ్యండి. చల్లగాలి పోతుంది."

"ఏసీ పోయిందంటివి గదన్నా?" అన్నాడు బొజ్జయ్య. వీధంతా నా వంక చూసింది. నేను నా కాళ్ల వంక చూసుకున్నాను.

అత్తగారు పాపం నిజం చెప్పేసింది. "మొదటి రోజు ఇంజను నడుస్తుండంగ ఒడియాలెత్తుతుంటే, రేడియో అనుకొని ఆ గుండీ తిప్పిన బాబూ. పాట రాలే. చలి వచ్చింది."

"తెలిసిన రోజే నాకు చెప్పొచ్చు గదా లతా!"

"మీరు నాకు చెప్పిండ్రా?"

బొజ్జయ్య కర్ర పక్కన పెట్టి నవ్వడానికి కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన సమయం. కానీ ఆ చల్లగాలి మొహానికి తగులుతుంటే నాకు సిగ్గు కన్నా ఏడుపు ఎక్కువొచ్చింది. అందరి ముందూ నోరు జారాను.

"మరి నా కునుకు?"

నాగలత అప్పుడు కళ్లు తెరిచింది. చెమటతో తడిసి ముద్దయిన నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆవిడ మనసు కరిగిందని నాకు స్పష్టంగా తెలిసింది.

"మీ వంతు కూడా పెడత లెండి."

"ఎప్పుడు?"

"వానలు పడ్డంక."

తలుపు పడింది. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లంతా వంతులు వేసుకున్నారు. ఒడియాల గంపతో వచ్చినవాళ్లకి ముందు. డీజిల్ మాత్రం నేనే పోయిస్తున్నాను.

అదీ జరిగింది. వీపు ఇంకా నొప్పిగానే ఉంది. ఇంత ఎండలో పడి మీ ఇంటికి ఇదంతా చెప్పడానికే వచ్చాననుకుంటున్నారేమో. మీ వైపు మధ్యాహ్నం కరెంటు పోదని విన్నాను. చాప ఎక్కడుంది?