అత్తగారి ఫోనుకు కౌండిన్య వేసిన అడ్డు

పామర్రులో కౌండిన్య పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటరు మూతపడ్డాక గుడివాడలో వాళ్ల ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, కౌండిన్య పగలు కూడా ఇంట్లోనే కనిపించడం. రెండు, కౌండిన్యకు అత్తగారు వేదవతి రోజూ కనిపించడం.

ఆవిడ ఉండేది అవనిగడ్డలో, కనిపించేది ఫోనులో. సాయంత్రం ఆరయ్యేసరికి కూతురు హరిచందనకు వీడియో కాల్ చేసి, ఏడు దాకా ఇల్లంతా తనిఖీ చేస్తుంది. పాప అన్నం తిన్నదా, పాపకు జలుబు తగ్గిందా, పాప వెనకాల లుంగీతో తిరుగుతున్న ఆ మనిషికి ఉద్యోగం వచ్చిందా.

ఆ మూడో ప్రశ్నకు జవాబు తేలే రోజు రానే వచ్చింది. విజయవాడలో ఆన్‌లైన్ క్లాసులు నడిపే యుగంధర్ అనే ఆయన ఒక డెమో పాఠం చెప్పమన్నాడు. విండోస్ లాంటిదే అయిన లినక్స్‌లో కమాండ్ కొట్టి, కంప్యూటర్‌కు నెట్ ఏయే దారుల్లో వస్తోందో, ఒక్కో దారికీ ఉన్న ఐపీ అడ్రస్ అనే నంబరు ఏమిటో చూపించాలి. నచ్చితే ఉద్యోగం. టైము సాయంత్రం ఆరున్నర.

"ఇవాళ మీ అమ్మగారి ఫోను వద్దులే చందనా. నెట్టంతా ఆవిడే తాగేస్తారు."

"అవనిగడ్డలో కూర్చుని మన నెట్టు ఎలా తాగుద్దండీ?"

"అది టెక్నికల్. చెప్పినా నీకర్థం కాదు."

"మీకు అర్థమైందా?"

కౌండిన్య గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నిజానికి లినక్స్ అతను నేర్చుకున్నది కిందటి వారమే, వీడియోలు చూసి, అదీ పాపను ఒళ్లో పెట్టుకుని.

చెబితే వినని మనిషిని చెప్పకుండా ఆపాలనుకుని ఆ డెమో కమాండే, ip a అని కొట్టాడు. తెర మీద మూడు పేర్లు వచ్చాయి. మొదటిది lo, కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి. పెళ్లయిన దగ్గర్నుంచి తన పరిస్థితీ అదే కాబట్టి దాన్ని జాలిగా చూసి వదిలేశాడు. రెండోది వైరు దారి, దాని అడ్రస్ చివర ఐదు. మూడోది వైఫై, చివర ఏడు.

తన కంప్యూటర్‌కు వైరు ఉంది, కాబట్టి ఐదు తనది. మరి ఏడు ఎవరిది? ఇంట్లో వైరు లేకుండా గంటలకొద్దీ మాట్లాడేది ఒక్కరే. రౌటర్ పేజీ తెరిచి, ఏడో నంబరుకు నెట్ అందకుండా అడ్డు వేసి, విజయగర్వంతో కాఫీ అడిగాడు.

ఆరింటికి అత్తగారు ఠంచనుగా ప్రత్యక్షమైంది.

"బొమ్మ ఆగి ఆగి వస్తోందా?" అని ఆశగా అడిగాడు కౌండిన్య.

"అమ్మ చెవిదుద్దుల్లో రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చండీ."

అడ్డు ఎందుకు పనిచెయ్యలేదో తేలకముందే ఆరున్నరయింది. లుంగీ మీదే చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద యుగంధర్ గంభీరంగా ఉన్నాడు. కౌండిన్య బట్టీ పట్టిన పాఠం అందుకున్నాడు. "ఈ కమాండ్ మన కంప్యూటర్ అడ్రసులే చూపిస్తుందండి. పక్క ఫోనులవీ, పక్క కంప్యూటర్లవీ చూపించదు."

నోట్లోంచి బయటికొచ్చాకే ఆ మాట అతని చెవికి చేరింది. అంటే ఏడు కూడా తనదే. తన వైఫైకి తనే అడ్డు వేసుకున్నాడు. పోనీలే, వైరు ఉందిగా అని గుండె చిక్కబట్టుకున్నాడు.

ఆ వైరు హాల్లోని రౌటర్ దగ్గర బయలుదేరి, గడప దాటి, గదిలోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే హరిచందన సందె దీపం వెలిగించబోతోంది. ఫోనులో వేదవతి కళ్లు గడప మీద పడ్డాయి.

"దీపాల వేళ గడపకడ్డంగా ఆ నల్లతాడేంటే? లక్ష్మీదేవి లోపలికి రావొద్దూ? పిల్ల కాలికి చుట్టుకుంటే?"

పిల్ల మాట వింటే హరిచందన ఆగదు. వైరు పీకి, చుట్టి, అటక మీద పడేసింది.

తెర మీద యుగంధర్ ఒక కన్ను మూసి బిగుసుకుపోయాడు. కౌండిన్య బయటికి పరిగెత్తాడు. "చందనా, వైరేదీ? నా ఉద్యోగం పోద్ది."

"దీపం పెట్టేశానండీ. ఇప్పుడు గడప మీద పరవకూడదు. వైఫై ఉందిగా."

"దానికి అడ్డు వేశాను."

"ఎందుకూ?"

"మీ అమ్మగారి కోసం."

"నా కోసమా బాబూ? ఎందుకంత శ్రమ?" అంది ఫోనులోంచి వేదవతి.

హరిచందన మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "వైఫై పాస్‌వర్డ్ మార్చాక నాకెప్పుడు చెప్పారండీ? మా అమ్మతో మాట్లాడేది నా రీఛార్జితో."

కౌండిన్య ముఖం చూసి మళ్లీ తనే అంది. "అమ్మా, కట్ చెయ్యకు. ఈయనకి కాస్త నెట్టు పోసొస్తా."

హరిచందన ఫోను హాట్‌స్పాట్ మీద కౌండిన్య మళ్లీ పాఠంలోకి వచ్చి పడ్డాడు.

"ఏమైందండీ?" అన్నాడు యుగంధర్.

అబద్ధం తట్టలేదు. మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. వైరు పేరు ఎదురుగా డౌన్ అని ఉంది, అడ్రస్ లేదు. వైఫై దగ్గర కొత్త అడ్రస్ ఉంది. "చూశారుగా, వైరు పీకితే దాని అడ్రస్ పోతుంది. వేరేచోట నెట్ తీసుకుంటే కొత్త అడ్రస్ వస్తుందండి."

యుగంధర్ నవ్వాడు. "డెమోలో నిజంగా వైరు పీకి చూపించినవాళ్లు ఇంతవరకు లేరండీ. ఐడియా ఎవరిది?"

"మా... అత్తగారిదండి."

"బాగుంది. సోమవారం చేరండి. బ్యాచ్ రోజూ ఆరు నుంచి ఏడు. ఓకేనా?"

కౌండిన్య ముఖం దీపంలా వెలిగింది. ఏ అడ్డూ వెయ్యకుండానే ఆ గంట అత్తగారి తనిఖీ తప్పుతుంది. ఓకే అనడానికి నోరు తెరిచాడు.

"ఏడు నుంచి పెట్టుకోమనండి," అంది గుమ్మంలోంచి హరిచందన. చంకలో పాప, చేతిలో ఫోను, బొటనవేలు హాట్‌స్పాట్ బొత్తం మీద.

కౌండిన్య ఆ వేలి వంక చూశాడు.

"ఏడు నుంచైతే నాకూ వీలుగా ఉంటుందండి," అన్నాడు.