పదిహేనో తారీఖు రైఫిల్

అక్టోబరు మూడో శనివారం పొద్దున్న దైవాశీర్వాదం పెట్టుకున్న పని చిన్నదే. కూరగాయలకని చెప్పి ఇంట్లోంచి బయల్దేరాలి, రెండు వందల డాలర్లలోపు వచ్చే వేట రైఫిల్ ఒకటి చూసుకోవాలి, భోజనం వేళకి వంకాయలతో తిరిగి రావాలి. ఎవరికీ తెలియకూడదు.

నలభై రెండేళ్ళ జీవితంలో ఆయన చంపిన ప్రాణుల్లో పెద్దది బొద్దింక. అది కూడా భార్య విమలకుమారి కేకలు భరించలేక చంపాడు. అలాంటి మనిషికి రైఫిల్ కావలసి రావటానికి కారణం కోవాల్స్కీ. అమెరికాలోని ట్రాయ్‌లో దైవాశీర్వాదం పనిచేసే, కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌కి ఆయన మేనేజరు. ముందురోజు చిన్న నోటుబుక్కు పట్టుకుని దైవాశీర్వాదం బల్ల దగ్గర ఆగి, "డేవ్, నవంబరు పదిహేనున వేటకెళ్తున్నావా?" అని అడిగాడు. మిషిగన్‌లో జింకల వేట మొదలయ్యేది ఆ రోజునే. ఊళ్ళో సగంమంది అడవిలో ఉంటారు. ఏటా అడిగే ప్రశ్నే అది, ఏటా దైవాశీర్వాదం చెప్పే జవాబు "నో".

కానీ ఇది 1982. కార్ల కంపెనీలు మనుషుల్ని వందలకొద్దీ ఇంటికి పంపిస్తున్నాయి. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత ఈ ల్యాబ్‌లోనూ లేఆఫ్ లిస్టు వస్తుందని అందరికీ తెలుసు. కిందటి లిస్టులో కోవాల్స్కీతో కలిసి వేటకెళ్ళేవాళ్ళ పేరు ఒక్కటీ లేదని దైవాశీర్వాదం కనిపెట్టి ఉన్నాడు. ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. "యెస్" అన్నాడు. కోవాల్స్కీ మొహం చిన్నబుచ్చుకుని నోటుబుక్కులో ఏదో కొట్టేసుకుని వెళ్ళిపోయాడు. అంత సంతోషాన్ని ఆయన బయటికి చూపించలేకపోతున్నాడని దైవాశీర్వాదం అర్థం చేసుకున్నాడు.

తుపాకుల దుకాణం ముసలాయన ఓపికున్న మనిషి.

"ఎక్కడ వేటాడతావు? చిక్కటి అడవిలోనా, బయలు పొలంలోనా?"

"మా మేనేజరు ఎక్కడుంటే అక్కడ."

"ఎంత దూరం నుంచి కాలుస్తావు?"

"వీలైనంత దూరం నుంచి."

ముసలాయన నిట్టూర్చి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. చిక్కటి చెట్లలో జింక దగ్గరగా కనబడుతుంది కాబట్టి పొట్టిది, తేలికైనది చాలు. అది చవక కూడా. బయలైతే పొడుగుది, పైన దుర్భిణి బిగించినది కావాలి. దాని ధర కూడా పొడుగే. పేల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ సంగతి వేరే చూసుకోవాలి. దైవాశీర్వాదం జేబులోంచి కాగితం తీసి గళ్ళు గీయటం మొదలుపెట్టాడు. బరువు, ధర, దెబ్బ, గుళ్ళ ఖరీదు, మళ్ళీ అమ్మితే వచ్చేది, ఒక్కోదానికి ఇన్ని మార్కులని.

ఈ గళ్ళ కాగితానికి ట్రాయ్ తెలుగువాళ్ళలో గొప్ప పేరు. దైవాశీర్వాదం ఇలా మార్కులు వేయందే ఇస్త్రీపెట్టె కూడా కొనడు. అందుకని మిగతావాళ్ళెవరూ బుర్ర పాడుచేసుకోరు, ఆయన కొన్నదే కొనేస్తారు. ఆయన గోధుమరంగు స్టేషన్ వ్యాగన్ కారు కొన్న ఏడాది తెలుగువాళ్ళ పిక్నిక్‌లో అలాంటివి ఏడు వరసగా నిలబడ్డాయి. అదే ల్యాబ్‌లో పనిచేసే దామోదర్ పిల్లలిద్దరూ పొరపాటున భాస్కర్ బండెక్కి కూర్చుంటే, భాస్కర్ ఇంట్లో అన్నాలు వడ్డించేదాకా ఎవరూ గమనించలేదు.

సోమవారం ఆ కాగితాన్ని ఆఫీసులో జిరాక్స్ తీసుకుని, అసలుది మెషిన్ మీదే మరిచిపోయాడు దైవాశీర్వాదం. అది రత్నరాజుకి దొరికింది. ల్యాబ్‌లో తెలుగువాళ్ళు ఐదుగురు. దైవాశీర్వాదం కాక రత్నరాజు, ఆనందబాబు, దామోదర్, భాస్కర్. లంచ్‌లో నలుగురూ కాగితం చుట్టూ చేరారు.

"అన్నయ్య ఊరికే ఏదీ కొనడు. లిస్టు గురించి ఏదో తెలిసే ఉంటది" అన్నాడు రత్నరాజు.

"మరి మనకెందుకు చెప్పలే?" అన్నాడు భాస్కర్.

"చెప్తే మనమూ కొంటామని."

దాంతో అందరికీ అంతా తేటతెల్లమైంది.

మరుసటి శనివారం దైవాశీర్వాదం నూట తొంభై డాలర్ల పొట్టి రైఫిల్‌కి ఎక్కువ మార్కులు వేసుకుని దుకాణానికి వెళ్ళాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "నాలుగే ఉండేవి. నిన్న సాయంత్రం మీవాళ్ళు నలుగురొచ్చి పట్టుకెళ్ళారు. నలుగురి చేతిలోనూ నీ కాగితమే ఉంది." మిగిలింది దుర్భిణి ఉన్న పొడుగుది, మూడు వందల నలభై డాలర్లు. ఉద్యోగం కన్నా ఎక్కువా అనుకుని కళ్ళు మూసుకుని చెక్కు రాసిచ్చాడు.

"ఏమండీ, ఈ పెట్టె ఏంటి?" అంది విమలకుమారి.

"మన ఉద్యోగం."

తొమ్మిదేళ్ళ లూసీ పెట్టె మీద బొమ్మ చూసి, "డాడీ, డీర్ నీకేం చేసింది?" అని అడిగింది. దైవాశీర్వాదం పెట్టెను బొమ్మ గోడవైపుకి ఉండేలా తిప్పి పెట్టాడు.

సోమవారం కోవాల్స్కీ బల్ల మీద పదిహేనో తారీఖుకి ఐదు సెలవు చీటీలు పడ్డాయి. పది నిమిషాల్లో దైవాశీర్వాదానికి కబురొచ్చింది. వేట క్యాంప్‌కి పిలుపే అనుకుని తల దువ్వుకుని వెళ్ళాడు.

కోవాల్స్కీ కేకలేయలేదు. కేకలేసినా బాగుండేది. "డేవ్, ఈ డిపార్ట్‌మెంట్‌లో వేటకెళ్ళనిది మీరు ఐదుగురే. మీరున్నారన్న ధీమాతోనే ఏడేళ్ళుగా నేను అడవికి పోతున్నాను. పైవాళ్ళు లిస్టు అడిగినప్పుడల్లా, వీళ్ళ జోలికి పోవద్దు, పదిహేనున ల్యాబ్ నడిపేది వీళ్ళే అని చెప్పి మీ పేర్లు తీయించాను. ఇప్పుడు నన్నేం చెప్పమంటావు?"

దైవాశీర్వాదం బల్ల మీదినుంచి తన సెలవు చీటీ వెనక్కి తీసుకున్నాడు. "నేనొస్తాను సార్."

"ఐదు మెషిన్లు ఒక్కడివే నడపలేవు. వచ్చే సోమవారానికి ఐదు పేర్లూ కావాలి. లేకపోతే నా చేతిలో ఏమీ ఉండదు."

ఆ సాయంత్రమే దైవాశీర్వాదం నలుగురినీ ఇంటికి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నలుగురూ మర్యాదగా టీ తాగారు. ఒక్కరూ నమ్మలేదు.

"అన్నయ్యా, మాకు నూట తొంభైది చూపించి నువ్వు దుర్భిణి ఉన్నది కొన్నావు" అన్నాడు రత్నరాజు, మూలనున్న పెట్టె వైపు చూస్తూ. "ఇప్పుడు సెలవు కూడా మానుకోమంటున్నావు. మేం మానుకున్నాక నువ్వొక్కడివే మేనేజరు పక్కన చెట్టెక్కి కూర్చుంటావు."

"బైబిల్ మీద ఒట్టేసి చెప్తున్నాను రాజూ."

"ఒట్టు పెట్టుకోకూడదని సండే స్కూల్లో మా పిల్లలకి చెప్పింది నువ్వే గదా."

వాళ్ళు వెళ్ళాక దైవాశీర్వాదం సోఫాలో కూలబడ్డాడు. తన ఉద్యోగం ఒక్కటే పోతే అది తన తెలివికి తగిన శాస్తి. నాలుగు సంసారాలు తన వెనకాలే వచ్చి గోతిలో పడుతున్నాయి. ఆ బెంగతో నాలుగు రోజులు ఆయనకి అన్నం సహించలేదు.

శుక్రవారం విమలకుమారి కంచం ముందుకు జరిపింది. "మీరు చెప్పింది వాళ్ళు ఎప్పుడు విన్నారు? మీరు చేసేదే చేస్తారు. ముందు మీరు పోయి అది తిరిగిచ్చేసి రండి."

శనివారం పొద్దున్న దైవాశీర్వాదం రైఫిల్ పెట్టెను వ్యాగన్ పైకప్పు మీద అందరికీ కనబడేలా కట్టాడు. నలుగురి ఇళ్ళ ముందునుంచీ నడక వేగంతో బండి పోనిచ్చాడు. రత్నరాజు ఇంటి ముందు అవసరం లేకపోయినా హారన్ కొట్టాడు.

ఆయన దుకాణంలో కాగితాల మీద సంతకాలు పెడుతుండగానే బయట నాలుగు గోధుమరంగు వ్యాగన్లు వరసగా వచ్చి ఆగాయి. నలుగురూ నాలుగు పెట్టెలు బల్ల మీద పెట్టారు. వాడనివే కాబట్టి ఒక్కోదానికి ఇరవై డాలర్లు కోసుకుని తీసుకుంటానన్నాడు ముసలాయన. "ఇంతకీ వీటిలో తేడా ఏమొచ్చింది?" అని అడిగాడు.

"తేడా ఏం లేదు" అన్నాడు రత్నరాజు. "అన్నయ్య ఇచ్చేస్తున్నాడు."

పదిహేనో తారీఖున ల్యాబ్‌లో ఐదుగురు తెలుగువాళ్ళు తప్ప పురుగు లేదు. బతికి బయటపడ్డామన్న ఉత్సాహంలో వాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. ఐదు మెషిన్లూ ఒక్క నిమిషం ఆగలేదు. రెండు రోజుల పరీక్షలు ఒక్కరోజులో పూర్తయ్యాయి. సాయంత్రం దైవాశీర్వాదం చక్కని రిపోర్టు రాసి నేరుగా పై ఆఫీసుకి పంపించాడు. కోవాల్స్కీ మర్నాడు పెద్ద జింకను కొట్టుకొచ్చి, ఐదుగురికీ తలా ఒక మాంసం పొట్లం ఇచ్చాడు.

థాంక్స్‌గివింగ్ వెళ్ళిన సోమవారం లిస్టు వచ్చింది. ఐదుగురిలో ఒక్కరి పేరూ లేదు. మేనేజరు లేకుండానే ఈ ల్యాబ్ ఇంకా బాగా నడుస్తుందని పదిహేనో తారీఖు రిపోర్టు చూసి తేల్చుకున్న పైవాళ్ళు, కోవాల్స్కీ పేరు వేశారు.

దైవాశీర్వాదం ఆయన సామాను అట్టపెట్టె మోసుకుంటూ కారుదాకా వెళ్ళాడు. కోవాల్స్కీ పెట్టె అందుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క బ్రేకైనా పాడుచేసి ఉండాల్సింది, డేవ్."