ఒరిగిన నాలుగో అక్షరం

ఒక నాగరికత ఎంత గొప్పదో తెలుసుకోవాలంటే, మూతపడ్డ దాని చౌక దుకాణాల గోడల మీది మురికిని చూడాలి. ఈ సంగతి మా ఒహాయోలో చాలామందికి తెలియదు. అందుకే అస్తమించిన చౌక బజార్ల అవశేష పరిరక్షణ సంఘం పుట్టింది. దాని ఈశాన్య శాఖకు దరఖాస్తుల కార్యదర్శిని నేనే.

బెల్‌విక్ అనే కంపెనీ తన చౌక బజార్లు ఎత్తేసి ముప్పై ఏళ్ళు దాటింది. అవి వదిలేసిన తోపుడు బళ్ళు, ధర చీటీలు, లోదుస్తుల విభాగంలోని అద్దాలు వెతికి పట్టుకోవడం మా పని. (మా ఉపాధ్యక్షుడి భార్య ఆ అద్దాల కారణంగానే పుట్టింటికి వెళ్ళింది. అద్దాలు క్షేమంగా ఉన్నాయి.) వీటన్నిటిలోకీ ఉత్తమ జాతి అవశేషం గోడ మచ్చ. దుకాణం పేరులోని పెద్ద పెద్ద అక్షరాలు గోడ మీద ఏళ్ళ తరబడి ఉంటాయి. చుట్టూ మసి పడుతుంది, అక్షరాల వెనక పడదు. అక్షరాలు ఊడదీశాక కూడా పేరు గోడ మీద తెల్లగా కనిపిస్తుంది. దీన్ని తుడవడం మా నిబంధనావళిలో మహాపరాధం. వానకు కూడా మినహాయింపు లేదు గానీ, వానకు నోటీసు ఎలా ఇవ్వాలో ఉపసంఘం ఇంకా తేల్చలేదు.

మార్చి నెలలో వెర్నా సోబెక్ గారు మా కార్యాలయానికి (బౌలింగ్ ఆట హాలు వెనక గదికి) వచ్చారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మా ఊరి పాత బెల్‌విక్ కట్టడంలో ఇప్పుడు సామాను దాచుకునే అద్దె గదులున్నాయి. దాని యజమాని డ్వైట్ హెంకిల్ వచ్చే సోమవారం గోడకు గోధుమ రంగు వేయిస్తాడట. మచ్చ అసలైనదేనని సంఘం ధ్రువపత్రం ఇస్తే మాత్రం ఆ గోడ జోలికి రానన్నాడట. ఆవిడకు ఆ ధ్రువపత్రం కావాలి.

ఎందుకని అడిగాను. ఫారంలో ఆ గడి ఉంది కాబట్టే అడిగాను.

1979 ఆగస్టులో ఆ అక్షరాలు బిగించింది ఆవిడ భర్త లియో. నిచ్చెన పొట్టిదై, నాలుగో అక్షరం కుడి పక్కకు ఒరిగింది. లియో పోయి పదకొండేళ్ళయింది. ప్రతి బుధవారం ఆవిడ కారు తీసుకుని వచ్చి, ఆ గోడ ముందు ఆపుకుని, గాజు సీసాలో తెచ్చుకున్న కాఫీ తాగి వెళుతుంది.

"సమాధి దగ్గరికి వెళ్ళరా?" అన్నాను.

"వెళతాను బాబూ. కానీ ఆ రాయి మరీ తిన్నగా ఉంటుంది. ఎవరిదో అనిపిస్తుంది."

ఇది గడిలో పట్టలేదు. 'కుటుంబ కారణాలు' అని రాసుకున్నాను.

శుక్రవారం మా తనిఖీ అధికారి క్లేటన్ ప్రూయిట్ గోడ దగ్గరికి వెళ్ళాడు. ముప్పై రెండేళ్ళు నీటి మీటర్లు చదివి రిటైరైన మనిషి, వాలు చూసే రసమట్టం లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు. గోడకు రసమట్టం ఆనించి, బుడగ చూసి, తల అడ్డంగా ఊపాడు. బెల్‌విక్ కంపెనీ అమరిక పుస్తకం ప్రకారం అక్షరం ఎక్కడా ఒరగరాదు. ఇది ఒరిగింది. కాబట్టి ఈ మచ్చ నకిలీ.

"నకిలీ అయితే ఇంత కష్టపడి వంకరగా ఎవరు చేస్తారు నాయనా?" అన్నారు అక్కడే నిలబడి చూస్తున్న వెర్నా గారు.

నకిలీలు చేసేవాళ్ళ మనసు చదవడం తన పని కాదని, బుడగ చదవడమే తన పనని క్లేటన్ మర్యాదగానే చెప్పాడు. రాతపూర్వకమైన ఆధారం ఉంటే ఆదివారం సాయంత్రంలోగా తెమ్మన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తెచ్చింది. వంటల చీటీల డబ్బాలో, క్యాబేజీ చుట్టల వంటకానికీ గసగసాల రొట్టెకూ మధ్య దాచిన కాగితం. బెల్‌విక్ మేనేజరు లియోకు ఇచ్చిన మందలింపు పత్రం. 'నాలుగో అక్షరం రెండు అంగుళాలు కుడికి ఒరిగినది. ఏడు దినములలో సరిచేయవలెను.' లియో దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, పెళ్ళానికి చూపించి నవ్వాడట. బస్సులోంచి చూసినా అది నేను పెట్టిందేనని తెలుస్తుంది, ఎందుకు దిద్దుతాను అన్నాడట. ఆ మాట చెబుతూ ఆవిడ కూడా నవ్వింది.

మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. సంఘం చరిత్రలో ఇంత గట్టి ఆధారం రాలేదు. క్లేటన్ ఆవిడ చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. ధ్రువపత్రం అప్పటికప్పుడు రాసిచ్చాను. సోమవారం పొద్దున్నే డ్వైట్ రంగు డబ్బాలు వెనక్కి పంపేశాడు. వెర్నా గారు మా అందరికీ ఒక పళ్ళెం నిండా గసగసాల రొట్టె చేసి తెచ్చారు. చాలా బాగుంది.

అయితే ధ్రువపత్రం పొందిన ప్రతి అవశేషం దానంతటదే పునరుద్ధరణ ఉపసంఘానికి వెళుతుంది. అక్కడ పదకొండో నిబంధన ఉంది: అవశేషానికి సంబంధించి మాతృసంస్థ ఇచ్చిన ఆదేశం ఏదైనా అమలు కాకుండా మిగిలిపోయినట్టు రుజువైతే, దాన్ని అమలు చేయడం సంఘం పవిత్ర బాధ్యత. ఆదేశం ఉన్నట్టు రుజువు మా ఫైల్లోనే ఉంది. వెర్నా గారే ఇచ్చారు.

నలుగురు కార్యకర్తలు ఒక శనివారం, ఆదివారం శ్రమించారు. కట్టడం వెనక గోడ నుంచి అదే కాలానికి చెందిన మసిని చెంచాలతో గీకి తెచ్చారు. అక్షరం కుడి అంచుకు పూశారు, ఎడమ అంచును పళ్ళు తోముకునే బ్రష్షులతో తెల్లగా రుద్దారు. క్లేటన్ రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చి నిలిచింది. అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ వెంటనే వచ్చిన బుధవారం వెర్నా గారి కారు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ముందూ వెనకా ఫొటోలు తీయడానికి. ఆవిడ కాఫీ సీసా మూత తీయలేదు. చివరికి అద్దం దించి నన్ను పిలిచింది.

"ఆ కంపెనీ పోయింది కదా బాబూ?"

"పోయిందండీ."

"ఆ మేనేజరు?"

"ఆయన కూడా పోయారండీ. మా దగ్గర తేదీ ఉంది."

"మరి ఎవరు అడిగారని దిద్దారు?"

పదకొండో నిబంధన అడిగిందని చెప్పాను. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. మా ఫారాల్లో దానికి గడి లేదు.

తన కాగితం తనకిచ్చేయమంది. అసలు ప్రతి సంఘం ఆస్తి అయింది కాబట్టి నకలు తీసి పంపించాం. అందులో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి: ఒరిగిన రెండు అంగుళాలు, ఏడు దినముల గడువు, అట్టడుగున 'లోపము సరిచేయబడినది' అన్న మాట పక్కన నలభై ఆరేళ్ళు ఖాళీగా ఉన్న గీత, దాని మీద నా సంతకం.