నాలుగు డిగ్రీల పేషెంట్

ఈ భూమ్మీద పుట్టిన ప్రతి ప్రాణికీ ఎక్కడో ఒకచోట ఒక ఆఫీసు రాసిపెట్టి ఉంటుంది. వైరస్‌లకు జనగామలో రాసిపెట్టి ఉంది. దాని పేరు వైరస్ రాకపోకల నియంత్రణ కార్యాలయం. కరోనా రోజుల్లో తెరిచారు; మూయమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు కనుక శ్రద్ధగా నడుస్తోంది. (కరోనా వెళ్ళిపోయిన సంగతి కరోనా స్వయంగా వచ్చి చెప్పలేదు.)

డోర్నకల్ శోభారాణికి ఇలాంటి ఆఫీసు ఉన్నట్టే తెలియదు. ఆమెకు తెలిసిందల్లా తన వేళ్ళు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడి ఆమె కీళ్ళను కొరుక్కుతింటోంది. వేళ్ళు వాచిపోయి అన్నం కలుపుకోవడం కూడా చేతకావడం లేదు. మొగుడు ఇమ్మానుయేల్ కలిపి పెడతాడు. ప్రేమగానే పెడతాడు, కానీ ముద్ద బత్తాయంత చేస్తాడు. తన ముద్ద తాను తినాలి, శోభారాణి కోరిక అంతే.

హైదరాబాద్ డాక్టర్లు ఓ కొత్త మందు ప్రయోగంలో ఆమెను చేర్చుకున్నారు. వైరస్ ఒంట్లో దూరేటప్పుడు మన కాపలాను జోకొట్టడానికి ఒక ప్రోటీన్ వాడుతుందట. దాన్ని మాత్రం విడదీసి మందు చేశారు. ఆ మందు సీసాను ఐసు డబ్బాలో పెట్టి రైల్లో పంపితే, డబ్బా మీద ‘వైరస్’ అన్న మాట చూసి జనగామలో దించేశారు. కబురందగానే మొగుడూ పెళ్ళాలు రైలెక్కి వచ్చారు.

“పేషెంట్ తాలూకు మనుషులు మీరేనా?” అని అడిగారు అధికారి అజిత్ గారు.

“పేషెంట్ నేనే సారూ,” అంది శోభారాణి.

“నువ్వు కాదమ్మా. వైరస్.”

“అది వైరస్ కాదు సారూ, దాంట్ల నుంచి తీసిన ప్రోటీనట. నా మందు.”

“దొంగ చెయ్యి ఒక్కటే దొరికిందనుకో, దొంగ కాదని ఇడిచిపెడ్తమా?”

నిబంధన ప్రకారం, వచ్చిన ప్రతి వైరస్‌నూ చేర్చుకొని ఒంటి వేడి నమోదు చేయాలి. సీసా వేడి నాలుగు డిగ్రీలు. కంప్యూటరేమో ముప్పై అయిదుకు తక్కువ ఒప్పుకోదు.

“అయ్యో, ఒళ్ళు సల్లవడ్డది!” అజిత్ గారు నిజంగానే కంగారుపడ్డారు. ఆయన హయాంలో ఒక్క పేషెంటూ పోలేదు (ఒక్కరూ రాలేదు కూడా). వెంటనే సీసాను ఐసులోంచి తీయించి, కిటికీ దగ్గర ఎండలో పాత ఫైళ్ళ మీద పడుకోబెట్టించారు.

“వెచ్చవడితే ఖరాబైతది సారూ! మీ కాళ్ళు మొక్కుత, ఐసుల వెట్టుండ్రి!”

“ఏడ్వకమ్మా. పానం కుదుటవడే టైముల ఏడుస్తే మంచిగుండదు.”

శోభారాణి కిటికీ దగ్గరకు వెళ్ళింది. సీసా లాక్కుందామని చెయ్యి చాచింది. వేళ్ళు ముడుచుకోలేదు. ఇమ్మానుయేల్ అందుకోబోతే, ఐసోలేషన్ అంటూ అటెండర్ అడ్డంగా తాడు కట్టాడు.

మే నెల ఎండ పుణ్యమా అని మధ్యాహ్నానికల్లా ముప్పై ఏడు వచ్చింది. ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. డిశ్చార్జి చేసి, జాగ్రత్తలు చెప్పి, సీసాను ఇమ్మానుయేల్ చేతిలో పెట్టారు. అతను హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. అంత వేడి తగిలిన మందు పారబోయాల్సిందేననీ, ప్రయోగంలో ఇంకో సీసా ఇవ్వడానికి లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

వరండా బెంచీ మీద ఇమ్మానుయేల్ టిఫిన్ డబ్బా విప్పి, పెరుగన్నం ముద్ద చేసి శోభారాణి నోటికి అందించాడు. ఈసారి చిన్న ముద్దే చేశాడు. ఆమె మింగలేక ఏడ్చింది.

వాళ్ళను దాటుకొని లోపలికి వెళ్ళి, అజిత్ గారు నెలవారీ నివేదిక పూర్తి చేశారు: వచ్చిన పేషెంటు ఒకటి, కోలుకున్నది ఒకటి. ఆవరణలో వేరే పేషెంట్లు ఎవరూ లేరు.