మామగారి మూడు వేళ్లూ, ఆగిపోయిన బ్లేడూ

మీకు అలవాటైన రేజర్ బ్లేడ్ల తయారీ ఆపేశారా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు! ముందు ఆ కంపెనీవారికి ఓ దండం పెట్టుకుని, తర్వాత ఇది చదవండి.

నేను పెట్టుకున్నాను. ఒక్కసారి కాదు, రెండు నెలలుగా రోజూ పొద్దున్నే పెట్టుకుంటున్నాను. మా ఆవిడ దాన్ని దండం అనదు, శాపనార్థాలు అంటుంది. పారిశ్రామికాభివృద్ధి అంటే ఆవిడకు మొదటినుంచీ చిన్నచూపే.

నిజం చెప్పాలంటే రేజర్ నాది కాదు, మా ఇంట్లోనే ఉంటున్న మా మామగారిది. హ్యాండిల్ ఒకటే ఉంటుంది, పైనున్న బ్లేడ్ల తలకాయ అరిగినప్పుడల్లా కొత్తది తెచ్చి టక్కున తగిలించుకోవాలి, ఆ రకం. పద్దెనిమిదేళ్లుగా ఆయన దాంతోనే గడ్డం గీసుకుంటున్నారు.

ఆయన లేత్ మెషిన్ మీద ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కుడిచేతికి మూడే వేళ్లు. చిటికెన వేలూ, దాని పక్కదీ ఫ్యాక్టరీలోనే పోయాయి, పాత మెషిన్ తీసేసి కొత్త మోడల్ తెచ్చిన మొదటి వారంలో! ఈ రేజర్ హ్యాండిల్ లావుగా, నల్ల రబ్బరు తొడుగుతో, ఆ మూడు వేళ్లకీ కొలత తీసి చేసినట్టు కుదురుతుంది. సన్నటిదైతే జారిపోతుంది.

సెలూన్‌కి వెళ్లొచ్చుగా అంటారా? నేనూ అన్నాను.

"అన్నం నేనే కలుపుకుంటున్నానా లేదా అల్లుడుగారూ? గడ్డమూ అంతే. ఇంకొకడి చేతికి నా గొంతు అప్పజెప్పి కూర్చోవడం నావల్ల కాదు" అన్నారు.

దానికితోడు ఆయనకో నియమం ఉంది. గడ్డం గీసుకోనిదే గడప దాటరు. ఆఖరి బ్లేడు గీయడం మానేసి పీకడం మొదలుపెట్టిన వారంలో పార్కు బెంచీ మీద సాయంత్రం కబుర్లు ఆగిపోయాయి. ఆ తర్వాత మెట్లు దిగడం ఆగిపోయింది. చివరికి ఎదురింటాయన పలకరిస్తాడని బాల్కనీలోకి రావడం కూడా మానేసి, రోజంతా లోపలి గదిలో గోడవైపు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! ఆ ప్రశాంతత చూసి మా ఆవిడ వంటింట్లో చాటుగా కళ్లు తుడుచుకునేది.

ఇంతలో ఏడో క్లాసు చదివే మా అమ్మాయికి స్కూల్లో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. తాతా మనవరాలూ కలిసి అట్టముక్కలతో, దారపు ఉండలతో చేసిన క్రేన్‌కి! అది నిజంగానే బరువులు ఎత్తుతుంది. బహుమతుల రోజుకి ఇంకా మూడు వారాలుంది.

"తాతయ్యా, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. నువ్వు రాకపోతే నేను స్టేజీ ఎక్కను" అని తేల్చి చెప్పింది మా అమ్మాయి.

తాతయ్య గడ్డం తడుముకున్నారు.

అదిగో, అప్పుడు మొదలైంది నా భాగ్యోదయం. నడవండి మహాప్రభో అని డాక్టర్ నాలుగేళ్లుగా మొత్తుకుంటే నేను నడిచానా? బ్లేడు కోసం కాళ్లరిగేలా నడిచాను! మందుల షాపులు, ఫ్యాన్సీ షాపులు, పుస్తకాలతోపాటు దువ్వెనలమ్మే షాపు, ఆఖరికి హార్డ్‌వేర్ షాపు కూడా వదల్లేదు. నాలుగు కిలోలు తగ్గాను. ఏ జిమ్ముకి వెళితే తగ్గుతారండీ అన్ని?

ఇక విజ్ఞానం సంగతి. మందుల షాపాయన నా చేతిలోని పాత హ్యాండిల్ చూసి, పోయినవాళ్ల ఫొటో చూసినట్టు తలాడించాడు.

"ఇది ఆగిపోయింది సార్. దీని బదులు ఇదొచ్చింది. ఐదు బ్లేడ్లు. బటన్ నొక్కితే వణుకుతుంది కూడా."

"ఎందుకయ్యా వణకడం?"

"బ్యాటరీ సార్. ఇప్పుడంతా అదే కొంటున్నారు."

"మా మామగారి చెయ్యే వణకదు కదా, మధ్యలో రేజర్‌కి ఏమొచ్చింది?"

వణకనిది ఒకటి ఇమ్మన్నాను. ఇచ్చాడు. హ్యాండిల్ అగరొత్తికి అన్నయ్యలా ఉంది. మామగారు పట్టుకున్నారు, అది జారి సింకులో పడింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ పడింది. మూడోసారి పట్టుకోలేదు. పోనీ దాని బ్లేడు తీసి పాత హ్యాండిల్‌కి పెడదామంటే గాడి కలవదు. కలవకుండా చూడటానికి ఎంతమంది ఇంజనీర్లు ఎన్నాళ్లు కష్టపడ్డారో! వాళ్ల పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

స్నేహాలు కూడా కలిశాయండోయ్. ఓ షాపులో బ్యాంకు ఉద్యోగి ఒకాయన తగిలాడు. ఆయన దగ్గర పాత బ్లేడ్లు రెండు ప్యాకెట్లున్నాయి, హ్యాండిల్ విరిగిపోయింది. నా దగ్గర హ్యాండిల్ ఉంది, బ్లేడ్లు లేవు! ఇద్దరం ఆ షాపు మెట్ల మీదే కావలించుకున్నంత పని చేశాం. తీరా తగిలించి చూస్తే ఆయనవి అంతకుముందే ఆగిపోయిన రకానివి. సంబంధం కుదరలేదు. అయినా ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేసుకుని, ఏమైనా దొరికాయా అని ఒకరినొకరం ఓదార్చుకుంటాం.

కంపెనీకి ఉత్తరం రాశాను. "మీ సహనానికి ధన్యవాదాలు. మీ చేతికి మరింత హాయి కలిగించడానికే మా ఉత్పత్తులను మెరుగుపరుస్తున్నాం" అని జవాబొచ్చింది. ఎవరి చేతికి? ఎవరి చెయ్యి చూసి మెరుగుపరిచారు?

ఈ తిరుగుడులోనే నేనో ఘనకార్యం చేశాను. ఆన్‌లైన్‌లో ఎవరో మా పాత రకం రేజర్ సెట్లు ఐదు అమ్ముతుంటే, ఆలస్యం అమృతం విషం అని గబుక్కున ఐదూ కొనేశాను. పార్సిల్ విప్పితే ఐదు హ్యాండిళ్లు. బ్లేడు ఒక్కటీ లేదు. హ్యాండిళ్లు మాత్రమే అని కింద రాశారట, నేను చదవలేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని... ఐదుగురు సోమలింగాలు దిగారు మనింట్లో" అంది మా ఆవిడ. బహుమతుల రోజుకి రెండు రోజులుంది.

బల్ల మీద పడున్న ఆ హ్యాండిళ్లను చూసి మా అమ్మాయి అంది:

"తాతయ్యా, మన క్రేన్ చెయ్యి విరిగినప్పుడు రెండు ముక్కలు కలిపావుగా. ఇదీ కలపలేవా?"

నెల రోజుల తర్వాత మామగారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. కుర్చీ కూడా తిప్పారు. మంచం కింది పెట్టె లాగి చిన్న రంపం, ఆకురాయి, చేత్తో తిప్పే డ్రిల్లు తీశారు. అగరొత్తి హ్యాండిల్‌కి బ్లేడు తగిలించే మెడ కోశారు. పార్సిల్లో వచ్చిన ఐదింట్లో ఓ లావు హ్యాండిల్‌కి కన్నం వేసి, ఆ మెడను అందులో దిగ్గొట్టబోయారు. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోది ఆకురాయితో గంటసేపు అరగదీసి, ఊపిరి బిగబట్టి దిగ్గొట్టారు. మెడ గట్టిగా కూర్చుంది, కదల్లేదు!

"మీరు ఐదు కొనబట్టి సరిపోయింది అల్లుడుగారూ" అన్నారు. నా పెళ్లయిన పదిహేనేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

బహుమతుల రోజు ముందు వరసలో అందరికంటే నున్నటి గడ్డం మా మామగారిదే. పిల్ల స్టేజీ మీద కప్పు అందుకుని, ప్రిన్సిపాల్ వైపు చూడకుండా ఆయన వైపే చూసింది. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సన్నటి రేజర్ కొన్నప్పుడు వారంటీ కోసం నేను నంబరిచ్చి ఉన్నాను లెండి. స్పీకర్ పెట్టాను.

"మా కొత్త హ్యాండిల్ పట్టు ఎలా ఉంది సార్? ఐదుకి ఎన్ని మార్కులిస్తారు?" అందో అమ్మాయి, చాలా మర్యాదగా.

మామగారు ఫోన్ దగ్గరికి వంగారు.

"మార్కుల సంగతి నాకు తెలీదు తల్లీ. కొత్త మోడల్ అన్నదానికి నేను ఇదివరకే రెండు వేళ్లు ఇచ్చుకున్నాను. ఉన్న మూడూ నాకు కావాలి. అది రాసుకో."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడైంది.

"సారీ సార్, ఆ ఆప్షన్ మా దగ్గర లేదు. ఇంకో శుభవార్త సార్, వచ్చే నెల నుంచి ఈ మోడల్ కూడా ఆపేసి ఇంకా మెరుగైనది తెస్తున్నాం."

మామగారు పెట్టె మళ్లీ బయటికి లాగి, మిగిలిన రెండు హ్యాండిళ్లూ జాగ్రత్తగా గుడ్డలో చుట్టి దాచారు.

మొదట్లో దండం అన్నాను కదా పాఠకులారా, దాని గురించి మా ఆవిడ చెప్పిందే నిజం.