గేటు బయటి ఓదార్పు

నర్సులకు కూడా మనసు ఉంటుందని ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది స్వైన్ ఫ్లూ ఏడాదిలోనే. (అంతకు ముందు కాళ్లూ చేతులూ ఉంటాయని మాత్రమే తెలుసు.) ఒప్పుకోగానే మనోధైర్య విభాగం పుట్టింది, దానికో ప్రత్యేకాధికారి పుట్టారు, ఆయనకో జీపు పుట్టింది. ఆ జీపు ఒక పొద్దున మానుకోటలో ఒక దవాఖాన గేటు ముందు ఆగింది.

లోపల ఫ్లూ వార్డులో స్టాఫ్ నర్సు బుజ్జి ఆ జీపు కోసమే ఎదురుచూస్తోంది. మొన్న ఓ బాలింత ఆమె చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచింది. అప్పటినుంచి బుజ్జికి కంటి మీద కునుకు లేదు. కురవి దగ్గరి తండాలో అత్తగారింటికి పోతే, జబ్బు అంటుతుందని గడప దాటనీయకుండా అత్త అన్నం గిన్నె బయటికి జరిపింది. కడుపులో ఉన్న బాధ ఒక్క మనిషికి చెప్పుకుంటే చాలనుకుంది పిచ్చిది.

అధికారి రఘునాథ్ గారు గేటు దాటలేదు. ధైర్యం పంచేవారికే జబ్బు చేస్తే పంచడానికి ధైర్యం మిగలదు కనుక, గేటు బయటినుంచే ఓదార్చాలని నిబంధన. గొంతు అంత దూరం పోవాలి కదా! పక్కనే ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే దీక్ష టెంటు ఉంది. అక్కడి మైకు అడిగారు.

"తీస్కోండి సారూ, మా గొంతులు జర ఆరామ్ జేస్తయ్" అంటూ టెంటు పెద్ద సదానందం సంతోషంగా ఇచ్చాడు.

వార్డు కిటికీలో, రెండు మాస్కుల వెనక, బుజ్జి నిలబడింది.

"నిద్ర పడుతోందా అమ్మా?" అని మైకు అడిగింది.

"పడ్తలేదు!" అంది టెంటు మొత్తం. మైకులో ఏది వినబడినా జవాబు చెప్పడం వాళ్లకు అలవాటైపోయింది మరి.

"మీ మాట ఎవరూ వినడం లేదనిపిస్తోందా?"

"ఎవ్వడు ఇంటలేడు!" పిడికిళ్లు లేచాయి.

అధికారి ముఖం వెలిగిపోయింది. (ఏ ఊళ్లోనూ ఆయన ప్రశ్నలకు ఇంత గట్టిగా జవాబు రాలేదు.) "పోయినవాళ్లు గుర్తొచ్చి ఏడుపు వస్తోందా?"

ఈసారి టెంటు మాట్లాడలేదు. వాళ్ల వెనక ఫ్లెక్సీ మీద, రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన పిల్లల ఫొటోలు దండలతో ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో బుజ్జి నోరు విప్పింది. "ఆ పొల్ల నా చెయ్యి ఇడ్వలే సారూ. నీళ్లడిగింది. లేశి తెద్దామంటె గూడ..."

మాస్కులు దాటి ఆ మాట కిటికీ కింద ఊడుస్తున్న ఆయా లచ్చవ్వ దాకానే వచ్చింది. లచ్చవ్వ చీపురు పారేసి అరిచింది. "ఓ సారూ! బిడ్డ ఏడుస్తాంది. జర లోపటికి రా!"

అధికారి పట్టించుకోలేదు. (ఆయాలకు మనసు ఉన్నదీ లేనిదీ ఇంకా పరిశీలనలోనే ఉంది.) ఆయన మైకులోనే తీర్పు చెప్పారు. టెంటులో మానసిక ఒత్తిడి తీవ్రంగా ఉంది. నర్సు నుంచి ఏ బాధా వినబడలేదు. కాబట్టి ఆమె రోజూ డ్యూటీ దిగాక టెంటువాళ్లను ఓదార్చాలి. ఓదార్చేటప్పుడు ఏడవరాదు.

సాయంత్రం బుజ్జి టెంటుకు వెళ్లి బయటే నిలబడింది. ఎవరూ దూరం జరగలేదు. సదానందం చాప దులిపి పరిచాడు.

"కూసో అక్కా. మా ముచ్చట రోజూ ఉండేదే. ముందుగాల నీదేందో చెప్పు."

బుజ్జికి మాట నోటి దాకా వచ్చింది. కళ్లూ నిండాయి. అంతలో ఏడవరాదన్న నిబంధన గుర్తొచ్చింది. గొంతు సవరించుకుంది.

"నిద్ర పడ్తాందా అన్నా?" అని అడిగింది.